బాపు తర్జుమా చేసిన ఊరు

నేను ఫ్రాన్సు ఎప్పుడూ వెళ్ళలేదు. ఈ వయసులో ఇక వెళ్ళే ఉద్దేశం కూడా లేదు. అయినా ఆ దేశానికి తూర్పున, జర్మనీ సరిహద్దుకు దగ్గరగా ఉన్న ఒక చిన్న పల్లెలో నన్ను దింపితే చర్చి ఎటు, వాగు ఎటు, బట్టలుతికే చోటు ఎటు అని ఎవర్నీ అడగకుండా నడిచిపోగలను. ఆ ఊరి సంగతులు మొదట యూనివర్సిటీలో నల్లబల్ల ముందు కూర్చుని విన్నాను. ఆ తర్వాత తార్నాకలో మా ఇంటి వరండాలో, మా బాపు, అంటే మా నాన్న నోట విన్నాను. రెండింటికీ చాలా చోట్ల పొంతన లేదు.

అరవైల చివర్లో నేను జాగ్రఫీ ఎమ్మే చదువుతున్నప్పుడు, ఒక ఫ్రెంచి ఆవిడ ఏడాది పాటు పాఠాలు చెప్పడానికి మా డిపార్ట్‌మెంటుకు వచ్చింది. నలభై దాటిన మనిషి, ఎముకల పోగు, మెడ దగ్గరికి కత్తిరించిన జుట్టు. క్యాంపస్‌లో లేడీస్ హాస్టల్ పక్కన ఒక గదిలో ఉండేది. మా రాతి కాలేజీ భవనం చుట్టూ సైకిలు తొక్కుకుంటూ తిరిగేది. పల్లెటూళ్ళ భూగోళం ఆవిడ సబ్జెక్టు. ఊరనేది అక్కడ ఎందుకు పుట్టింది, ఇళ్ళు ఆ వరసలోనే ఎందుకున్నాయి, దారి ఆ మలుపు ఎందుకు తిరిగింది, ఇదే ధ్యాస. మొదటి రోజే చాక్‌పీసు తీసుకుని తన ఊరు గీసింది.

ఊరంతా ఒకటే వీధి. రెండు వైపులా ఇళ్ళు గోడకు గోడ ఆనించి, మధ్యలో సందన్నది లేకుండా ఉంటాయి. ముందు నుంచి చూస్తే ఇరుకు, లోపలికి పోతే బారు. ముందుగది, దాని వెనక వెలుతురు సరిగా రాని వంటగది, ఆ వెనక మరో గది. పక్కనే, అదే కప్పు కింద, బండి పట్టేంత పెద్ద తలుపుతో గాదె, పశువుల కొట్టం. చలికాలం మంచు పడితే పశువుల వెచ్చదనం గోడ అవతలి మనుషులకు కూడా పనికొస్తుంది. ఇంటికీ వీధికీ మధ్య వెడల్పాటి జాగా వదిలి ఉంటుంది. బండ్లు, కట్టెల మోపులు, పెంటకుప్ప అన్నీ అక్కడే. కుప్ప ఎంత పెద్దదైతే ఆ ఇంటికి అంత పరువట. మగపిల్లలు ఫక్కున నవ్వారు. ఆవిడ నవ్వు ఆగేదాకా ఓపిగ్గా నిలబడి, పెంటకుప్పను ఇంకాస్త పెద్దగా దిద్దింది.

ఇళ్ళ వెనక పెరళ్ళు, ఆ వెనక చిన్న పచ్చటి రేగుపళ్ళంత పండ్లు కాసే చెట్ల తోపు, తర్వాత పొలాలు. వెనకటికి ఊరి భూమిని మూడు భాగాలు చేసి, ఒకదాంట్లో గోధుమ, ఒకదాంట్లో గుర్రాల దాణా వేసి, మూడోది బీడు ఉంచేవాళ్ళు. ప్రతి ఇంటికీ మూడింటిలోనూ ముక్కలుండేవి. ఇప్పుడు ట్రాక్టర్లొచ్చి ముక్కలన్నీ కలిపేస్తున్నారని, తను మళ్ళీ పోయేసరికి చిన్నప్పటి గట్లు ఉండవని చెప్పింది. పైన మిట్ట మీద అడవి. అది ఊరందరిదీ. చలికాలం ముందు కట్టెలు కొట్టి, సమానంగా కుప్పలు పోసి, చీట్లు వేసి పంచుకుంటారు. కింద వాగు.

అదంతా నాకు ఎంత నచ్చిందో చెప్పలేను. తార్నాకలో పుట్టి పెరిగిన నాకు ఊరంటే ఎండాకాలం సెలవుల్లో జనగామ దిక్కు బస్సెక్కి పోయి, చెమటకాయలతో తిరిగొచ్చే చోటు. ఒక ఊరిని ఇలా చూడవచ్చని ఎవరూ చెప్పలేదు.

క్రిస్మస్ సెలవుల్లో భువనగిరి అవతల ఒక పల్లెలో మకాం పెట్టి ఇల్లిల్లూ సర్వే చేయాలని ఆవిడ నిర్ణయించింది. అంతవరకు మా డిపార్ట్‌మెంటులో సర్వేకి మగపిల్లలే పోయేవాళ్ళు. ఆడపిల్లలం క్యాంపస్‌లో కూర్చుని వాళ్ళు తెచ్చిన కొలతలకు రంగులు వేసేవాళ్ళం. ఆవిడ ఆ పద్ధతికి ఒప్పుకోలేదు. ఆడవాళ్ళు లేకపోతే వంటింటి దాకా ఎవరు రానిస్తారు, వంటింటి దాకా పోకపోతే అది ఏం సర్వే అని అడిగింది. క్లాసులో ఉన్న రెండో అమ్మాయిది గుంటూరు వైపు క్రైస్తవ కుటుంబం. వాళ్ళ నాన్న బడిపంతులు, అడిగిన రోజే సరేనన్నాడట. ఇక మిగిలింది నేను. నాకు పోవాలని ప్రాణం కొట్టుకుంటున్నది. ఇంట్లో చెల్లుబాటయ్యేది మాత్రం బాపమ్మ మాట.

బాపమ్మ అంటే మా బాపు తల్లి. తాత పోయాక ఒంటిచేత్తో సేద్యం చేసి కొడుకును పెంచిన మనిషి. కొడుక్కి రైల్వేలో గుమాస్తా పని దొరికాక పట్నం వచ్చి, మా డాబా ఎక్కి మౌలాలి గుట్ట చూస్తూ పొద్దు గడిపేది. బాపు ఆమెను అడగకుండా గొడుగు కూడా కొనేవాడు కాదు. నేను సర్వే మాట ఎత్తగానే "అవ్వ ఎట్లంటె అట్లనే బిడ్డా" అని పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. ఇంత పిరికి మనిషి నాకు తండ్రి ఎట్లా అయ్యాడా అని ఒళ్ళు మండింది.

బాపమ్మ వద్దనలేదు. కానీ ఒక మెలిక పెట్టింది.

"ఊరు తెల్వని మనిషెంట ఆడిపిల్లనెట్ల తోలుతం? ఆ దొరసానిని ఓపాలి ఇంటికి రమ్మను. ఏ ఊరో, ఎసుంటోళ్ళో నేనడుగుత."

"ఆమెకు తెలుగు రాదు బాపమ్మా. నువ్వడుగు, నేను చెప్త."

"నీకేమో పోవాల్నని ఉన్నది. అన్నీ తీపి మాటలే చెప్తవ్. మీ బాపు చెప్తడు. నా కొడుకు అబద్ధమాడడు."

అది నిజమే. బాపు అబద్ధమాడగా మా వాడలో ఎవరూ వినలేదు.

ఆదివారం ఆవిడ సైకిలు మీద వచ్చింది. కుర్చీ వేస్తే కూర్చోకుండా, వరండాలో బాపమ్మ చాప మీదే ఒక పక్కగా కూర్చుంది. అమ్మ సర్వపిండి, చాయ తెచ్చిపెట్టింది. బాపు ఇద్దరి ముందు స్టూలు మీద చేతులు కట్టుకుని కూర్చున్నాడు. నేను గడపలో నిలబడ్డాను.

"మీ ఊర్ల ఏం పండుతది?" అని మొదలుపెట్టింది బాపమ్మ.

బాపు ఇంగ్లీషులో అడిగాడు. ఆవిడ చెప్పింది. గోధుమలు, ఆలుగడ్డలు, గుర్రాల దాణా అని బాపు ఉన్నదున్నట్టు చెప్పాడు.

"పశువుల పెండ యాడేస్తరు?"

"ఇంటి ముంగటనేనట అవ్వా. పిల్లనిచ్చెటోళ్ళు వచ్చి ముందుగాల కుప్పనే చూస్తరట."

బాపమ్మ బోసినోటితో నవ్వింది. "మా అయ్య గూడ మీ నాయనోళ్ళ గడ్డివాము చూసే నన్నిచ్చిండు" అంది. ఇక పని అయినట్టేనని నాకు ధైర్యం వచ్చింది. ఆవిడకూ ఉత్సాహం వచ్చి, అడగకపోయినా చెప్పుకుపోయింది. చలికాలం ప్రతి ఇంట్లో ఒక పందిని కోస్తారట. ఉప్పు పట్టించి, పొగలో ఎండబెట్టి, ఏడాదంతా తింటారట. ఆ రోజు ఇరుగుపొరుగుకు పండుగేనట.

బాపు ఒక్క క్షణం ఆగాడు. మా ఇంట్లో పంది పేరెత్తితే బాపమ్మ నోరు కడుక్కునేది.

"చలికాలం ఇంటికొక మేకను కోస్తరట" అన్నాడు బాపు.

నేను గడప పట్టుకున్నాను. బాపమ్మ కనుబొమలు ముడిచింది. "ఇంటిల్లిపాదికి ఒక్క మేక ఏడాదెట్ల సరిపోతదిరా?"

"అక్కడి మేకలు పెద్దయి అవ్వా."

చూపు స్టూలు కాళ్ళ మీద పెట్టి ఆ మాట అన్నాడు. చెవులు ఎర్రగా అయిపోయాయి. నాకు నవ్వు తన్నుకొచ్చింది, దానితో పాటే భయమూ వచ్చింది.

తర్వాత బాపమ్మ అసలు ప్రశ్న వేసింది. "చాకలోళ్ళు ఎన్ని ఇండ్లు?" ఆమె లెక్కలో ఇది ఊరికి ప్రాణం. పురుడైతే బట్టలు తీసేది వాళ్ళే. పెళ్ళికి ముందు దివిటీ పట్టేది వాళ్ళే. చావైతే చుట్టాలకు కబురు మోసుకుపోయేది వాళ్ళే. చాకలి ఇల్లు లేని చోట మంచీ చెడూ ఎవరు చూస్తారని ఆమె ప్రశ్న.

ఆవిడ చాలాసేపు చెప్పింది. వాగు పక్కన పెంకుల కప్పు, దాని కింద నీటి తొట్టి, చుట్టూ ఏటవాలు రాళ్ళు. ఊరి ఆడవాళ్ళందరూ ఎవరి బట్టలు వాళ్ళే తెచ్చుకుని, గడ్డి పరిచిన చెక్కపెట్టెలో మోకాళ్ళ మీద కూర్చుని ఉతుక్కుంటారు. చలికాలం వాళ్ళమ్మ పైన పేరుకున్న మంచుగడ్డను కర్రతో పగలగొట్టి ఉతికేదట. ఊళ్ళో ఎవరికి ఎవరితో చెడిందో, ఎవరు కడుపుతో ఉన్నారో అన్నీ అక్కడే తెలుస్తాయట.

"రెండిండ్ల చాకలోళ్ళున్నరట" అన్నాడు బాపు.

ఇక చివరిది. చచ్చిపోతే ఎక్కడ పెడతారని బాపమ్మ అడిగింది. చర్చి చుట్టూనే, ఊరి నడిబొడ్డున అని ఆవిడ చెప్పింది. వాళ్ళ నాన్న అక్కడే ఉన్నాడట. వాళ్ళమ్మ తడి బట్టల బుట్ట పక్కన దించి, ఆ మట్టి మీద మొలిచిన కలుపు పీకి, మళ్ళీ బుట్ట ఎత్తుకుని ఇంటికి పోతుందట.

"ఊరవతలనేనట అవ్వా. దూరంగ" అన్నాడు బాపు.

ఆవిడ వెళ్ళిపోయాక బాపమ్మ దంచిన తమలపాకు చప్పరిస్తూ చాలాసేపు కూర్చుంది. "ఊరు మంచిదే కొడుకా" అంది చివరికి. "కని ఏదో లెక్క తప్పుతున్నది. వచ్చే ఐతారం మల్లొకసారి రమ్మను."

బాపు బయట సైకిలుకు గాలి కొడుతుంటే పక్కన నిలబడి గొంతు తగ్గించి అడిగాను. "బాపూ, పందిని మేక చేసినవేంది?"

"పోయి చదువుకో" అన్నాడు.

ఆ వారమంతా ముసురు. ఆదివారానికి వాన తగ్గింది కానీ, క్యాంపస్ నుంచి మా ఇంటి దాకా బాట ఎర్రబురద. ఆవిడ మా వీధి మలుపులో సైకిలుతో జారి పడింది. లంగా, మోచేతులు అన్నీ బురదే. అమ్మ గబగబా లోపలికి తీసుకుపోయి తన చీర ఒకటి చుట్టబెట్టింది. అసలే పొడుగు మనిషి, చీర పిక్కల మీదికే వచ్చింది. బాపు, దొరసానికి జిలేబీ తెస్తానని తార్నాక చౌరస్తాకు పోయాడు. అదే కొంప ముంచింది.

"లంగ ఆడ ఇడువుండ్రి, చాకలామె రేపొస్తది" అని అమ్మ సైగలు చేస్తూనే ఉంది. ఆవిడ వినలేదు. పెరట్లో బండ దగ్గర సబ్బుబిళ్ళ, బ్రష్షు కనపడితే నేరుగా అక్కడికి పోయింది. మేమైతే నిలబడి బట్ట ఎత్తి బండకు బాదుతాం. ఆవిడ మోకాళ్ళ మీద కూర్చుంది. బట్టను రాయి మీద పరిచి, సబ్బు రాసి, బ్రష్షుతో పై నుంచి కిందికి ఒకే దిక్కుగా తోమింది. మడత పెట్టి అరచేత్తో నొక్కింది, మళ్ళీ పరిచింది. చేయి ఎక్కడా తడబడలేదు.

బాపమ్మ కర్ర పట్టుకుని వచ్చి పక్కన నిలబడింది. చూస్తూ ఉంది. తర్వాత అడిగింది.

"మీ ఊర్ల... చాకలోళ్ళు?"

హాస్టల్ ఆయమ్మ దగ్గర ఆవిడ నాలుగు తెలుగు మాటలు నేర్చుకుంది. చాకలి అన్న మాట అందులో ఉంది. ఆవిడ తలెత్తి నవ్వింది. "లేదు" అని తల అడ్డంగా ఊపింది. తన గుండె మీద చేయి పెట్టుకుని "నేను. అమ్మ" అంది. రెండు చేతులూ బుగ్గలకు ఆనించుకుని వణికి చూపించింది. "నీళ్ళు చలి. చానా చలి."

బాపమ్మ నా వైపు తిరిగింది. నేను నేల చూపులు చూశాను. ఇక సర్వే లేదు, భువనగిరి లేదు, మళ్ళీ రంగులు వేసుకోవడమే అనుకున్నాను. ఏడుపొక్కటే తక్కువ. అప్పుడే బాపు జిలేబీ పొట్లంతో లోపలికొచ్చి, మా అందరినీ చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

బాపమ్మ ఆవిడ ముందు ఏమీ అనలేదు. జిలేబీ తినిపించింది. పోయేటప్పుడు, అంతవరకు దొరసాని అన్న మనిషే "పైలంగ పో బిడ్డా, బాట మంచిగ లేదు" అంది. ఆ పిలుపు మార్పును నేను అప్పుడు పట్టించుకోలేదు. నా దిగులులో నేనున్నాను.

దీపాలు పెట్టే వేళకు బాపును చాప మీద కూర్చోబెట్టింది.

"ఇగ చెప్పు. మొదటి నుంచి చెప్పు. ఉన్నదున్నట్టు."

బాపు చెప్పాడు. ఒకే వీధి, గోడకు గోడ ఇళ్ళు, పెంటకుప్పలు. పంది దగ్గరికి వచ్చేసరికి గొంతు సవరించుకుని పంది అనే చెప్పాడు. చాకలి ఇళ్ళు లేవన్నాడు. మంచుగడ్డ పగలగొట్టి ఉతికే తల్లి గురించి చెప్పాడు. ఊరి నడుమ సమాధులు, బుట్ట దించి కలుపు పీకడం, అన్నీ వరసగా చెప్పాడు. ఒక్క ముక్క మర్చిపోలేదు. ఇంగ్లీషులో ఒక్కసారి విన్న మాటలను ఆయన అంత జాగ్రత్తగా దాచుకున్నాడని నాకప్పుడే తెలిసింది.

బాపమ్మ పంది దగ్గర మొహం చిట్లించింది, అంతే. సమాధుల దగ్గర మాత్రం చేయెత్తి ఆపింది.

"రోజు చూసుకునే కాడ పెట్టుకున్నరు. మంచిగనే ఉన్నది. మీ నాయనను చెల్కల పెట్టి వచ్చినం. ఇప్పుడా చెల్క ఎవరో దున్నుతున్నరు."

తర్వాత ఆమె అడిగింది.

"గిన్ని అబద్ధాలెందుకాడినవ్‌రా?"

"పిల్ల పోవాల్నని" అన్నాడు బాపు.

"మెట్రిక్ అయినంక నువ్వు కాలేజీకి పోత అన్నవ్. నేనొద్దన్న. ఎవుసం ఎవరు చూస్తరు అన్న. ఫీజు మాఫైతదనో, సర్కారే బువ్వ పెడ్తదనో ఒక్క అబద్ధమాడితె నేను నమ్ముదునా, లేదా? సదువురాని దాన్ని."

"నమ్ముదువు అవ్వా."

"మరెందుకాడలే?"

బాపు చాప అంచు నుంచి ఒక పుల్ల పీకాడు. "అది నా కోసమే కద అవ్వా. నోరు రాలే" అన్నాడు.

బాపు కాలేజీకి పోవాలనుకున్నాడన్న సంగతే నేను మొదటిసారి వింటున్నాను. రోజూ ఆయన ముందు నుంచే పుస్తకాలు పట్టుకుని క్యాంపస్‌కు నడిచిపోయేదాన్ని. ఒక్కసారి కూడా అనలేదు. పిరికివాడని నేను తిట్టుకున్న మనిషి, తల్లి మొహం మీదే వరసపెట్టి అబద్ధాలాడి నన్ను గడప దాటించాలని చూశాడు. నాకు ఆయన మీద ఎంత ప్రేమ పొంగిందో, అంత సిగ్గూ వేసింది.

బాపమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. నన్ను దగ్గరికి పిలిచింది.

"పో బిడ్డా. ఆమె ఎంట పో. తన బట్టలు తానుతుక్కునే మనిషి నిన్ను బర్బాద్ చెయ్యది. కని వచ్చినంక ఆడ చూసింది చూసినట్టు చెప్పాలె. మీ బాపు లెక్క పందిని మేక చెయ్యకు."

పోయే రోజు పొద్దున్నే బాపు నా పక్కబట్టల హోల్డాలు సైకిలు వెనక కట్టుకుని క్యాంపస్ దాకా నడిచి వచ్చాడు. కాలేజీ మెట్ల ముందు లారీ ఆగి ఉంది. మగపిల్లలు కొలత గొలుసులు, కర్రలు, బియ్యం బస్తాలు ఎక్కిస్తున్నారు. ఆవిడ బాపును చూసి దగ్గరికొచ్చి, మీ అమ్మగారిని ఒప్పించడం కష్టమైందా అని ఇంగ్లీషులో అడిగింది. అదేం లేదు, మీ ఊరి గురించి వివరంగా అడిగింది, అంతే అన్నాడు బాపు.

నేను లారీ ఎక్కాను. ఆయన హోల్డాలు అందించి కూడా వెళ్ళకుండా అక్కడే నిలబడ్డాడు. చేత్తో సైకిలు బెల్లును ఊరికే తిప్పుతున్నాడు. ఆవిడతో ఇంకేదో అనాలని, అనలేకపోతున్నాడని నాకు అర్థమైంది. రెండు ఆదివారాలు మా ఇంట్లో అడిగినవన్నీ బాపమ్మ ప్రశ్నలు. పొందాలనుకున్నది నాకు అనుమతి. ఆయన తన కోసం ఒక్క మాట కూడా అడగలేదు.

చివరికి అడిగాడు. "మేడం, మీ ఊరికి రైలు పోతుందా?"

ఆవిడ ఆశ్చర్యపోయింది, తర్వాత సంతోషంగా చెప్పింది. ఊళ్ళోకి రాదు. వాగు దాటి కొంత దూరం నడిస్తే చిన్న స్టేషను ఉంది. సాయంత్రం ఒక్క బండి ఆగుతుంది. ఎక్కేవాళ్ళు తక్కువని దాన్ని కూడా ఆపేస్తామంటున్నారు.

బాపు తలూపాడు. "ఒక్క బండి ఉంటే చాలు" అన్నాడు. లారీ కదిలింది. గేటు మలుపు తిరిగేదాకా ఆయన సైకిలు పట్టుకుని అక్కడే నిలబడి ఉన్నాడు.